క్యాసెట్టులోని గొంతు కంప్యూటరులోకి: మీ ప్రశ్నలు, మా జవాబులు

పాత వీడియో క్యాసెట్లలోని పాటలను, మాటలను కంప్యూటరులోకి ఎక్కించుకోవడం ఎలాగని అడుగుతూ వచ్చిన ఉత్తరాల్లో ఐదింటికి ఈ నెల జవాబులిస్తున్నాము. బొమ్మ సంగతి అవసరమైన మేరకే తీసుకుని, ధ్వని సంగతే ప్రధానంగా చెప్పుకుందాం.

ప్రశ్న: మా తాతగారు హరికథలు చెప్పేవారు. 2003లో శ్రీరామనవమి పందిట్లో ఆయన చెప్పిన కథను మా మామయ్య మినీ డీవీ హ్యాండీక్యామ్‌తో తీశారు. నాలుగు క్యాసెట్లున్నాయి, కెమెరా ఇప్పటికీ నడుస్తోంది. నాకు కావలసింది ఆయన గొంతు. కెమెరా హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి లాప్‌టాప్ మైకు రంధ్రానికి వైరు కలిపి రికార్డు చేస్తే వెనక గుయ్యిమని మోత వచ్చింది, చిడతలు మోగినప్పుడల్లా చప్పుడు పగిలిపోయింది. యూఎస్‌బీ కేబుల్ పెడితే ఏవో నాలుగు ఫొటోలు తప్ప ఇంకేమీ కనిపించలేదు. టేపు పాడైపోయినట్టేనా? — ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే దోషం టేపులో లేదు, మీరు పట్టిన దారిలో ఉంది. మినీ డీవీ క్యాసెట్టులో తాతగారి గొంతు అంకెలుగా రాసి ఉంటుంది. 16 బిట్ల పద్ధతిలో (ఒక్కొక్క కొలతను 16 సున్నా-ఒకట్లతో రాసే పద్ధతి) తీసిన టేపయితే కెమెరా ఎడమ, కుడి చానళ్లలో ఒక్కొక్కదానిలో సెకనుకు 48,000 సార్లు ధ్వనిని కొలిచి, ఆ కొలతలను వరుసగా టేపు మీద పేర్చి ఉంచింది. హెడ్‌ఫోన్ రంధ్రం దగ్గరకు వచ్చేసరికి ఆ అంకెలు మళ్లీ విద్యుత్ తరంగంగా మారిపోతాయి. ఆ తరంగాన్ని మీ లాప్‌టాప్ తిరిగి కొలిచి కొత్తగా అంకెలు వేసుకుంటుంది. పద్దుల పుస్తకం చేతిలో ఉండగా దాన్ని నకలు తీసుకోకుండా, ఒకరు చదువుతుంటే పక్కగదిలో కూర్చుని విని రాసుకున్నట్టుంది ఈ పని. పైగా మైకు రంధ్రం చాలా బలహీనమైన సిగ్నల్ కోసం చేసినది, చాలా లాప్‌టాప్‌లలో అది ఒక్క చానల్‌నే తీసుకుంటుంది కూడా. హెడ్‌ఫోన్ నుంచి వచ్చే సిగ్నల్ దానికి మోయలేని బరువు. చిడతల చప్పుడు రెప్పపాటులో శిఖరానికి ఎగసి పడిపోయేది కాబట్టి అన్నిటికన్నా ముందు పగిలేది అదే. ఇక ఆ మోత, కెమెరా అడాప్టరూ లాప్‌టాప్ చార్జరూ రెండూ గోడ ప్లగ్గులకు ఉన్నప్పుడు సాధారణంగా వినిపించే కరెంటు మోత.

సరైన దారి మీ కెమెరాలోనే ఉంది. పక్కన రబ్బరు మూత ఎత్తి చూస్తే ‘డీవీ’ అనో ‘ఐ.లింక్’ అనో రాసి ఉన్న నాలుగు పిన్నుల చిన్న సాకెట్ కనిపిస్తుంది. దీన్నే ఫైర్‌వైర్ అని కూడా అంటారు. ఒకే సాకెట్‌కు కంపెనీని బట్టి పేర్లు మారాయి. టేపు మీద ఉన్న అంకెలు తరంగంగా మారకుండా, ఉన్నవి ఉన్నట్టుగా బయటకు వచ్చే ద్వారం సాధారణంగా ఇదొక్కటే. యూఎస్‌బీ సాకెట్ చాలా మినీ డీవీ కెమెరాలలో మెమరీ కార్డులోని ఫొటోల కోసం పెట్టినది. కొన్ని కెమెరాలు దాని గుండా టేపును కూడా చూపిస్తాయి గానీ, అది చాలావరకు బాగా కుదించిన నాసిరకం ప్రవాహం. అందుకే మీకు ఫొటోలు తప్ప కథ కనిపించలేదు.

చిక్కంతా కంప్యూటరు వైపే ఉంది. ఈమధ్య వస్తున్న లాప్‌టాప్‌లలో ఫైర్‌వైర్ సాకెట్ ఉండదు. మీ బంధువుల ఇళ్లలో 2005, 2010 మధ్య కొన్న లాప్‌టాప్ ఏదైనా అటక మీద ఉందేమో ముందు అడగండి. ఆ కాలపు వాటిలో కొన్నిటికి ఈ సాకెట్ ఉండేది. డెస్క్‌టాప్ ఉంటే లోపల బిగించే ఫైర్‌వైర్ కార్డు కొనవచ్చు, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్పు ఉన్నదయితే పేచీలు తక్కువ. సికింద్రాబాద్ వెళ్లే పని పడితే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పాత భాగాలు అమ్మే దుకాణాల్లో ఒకసారి వాకబు చేయండి. మ్యాక్ వాడేవారు థండర్‌బోల్ట్ అనే సాకెట్ నుంచి ఫైర్‌వైర్‌కు మార్చే అడాప్టర్ల మీద ఇంతకాలం నెట్టుకొచ్చారు గానీ, 2025లో వచ్చిన మ్యాక్ ఓఎస్ టాహోలో ఆపిల్ ఫైర్‌వైర్‌ను పూర్తిగా తీసేసింది కాబట్టి, ఆ పనికి పెట్టుకున్న మ్యాక్‌ను టాహోకు మార్చకుండా ఉంచుకోవాలి.

ఒకవైపు యూఎస్‌బీ, మరోవైపు నాలుగు పిన్నుల ఫైర్‌వైర్ మొన ఉన్న వైర్లు ఆన్‌లైన్‌లో చవకగా అమ్ముతుంటారు, వాటిని మాత్రం కొనవద్దు. ఆ రెండు పద్ధతుల భాషలు వేరు. మధ్యలో తర్జుమా చేసే చిప్పు ఏదీ లేకుండా రాగి తీగను రాగి తీగకు అతికించినంత మాత్రాన ఏమీ పలకదు, సాకెట్ కాలిపోయే ప్రమాదం మాత్రం ఉంటుంది. నేను కూడా ఒకటి కొన్నాను, అది ఇప్పుడు పాత చెప్పుల డబ్బాలో ఉంది.

కలిపేటప్పుడు కెమెరా, కంప్యూటరు రెండూ ఆపి ఉంచండి. కంప్యూటరు వైపు ఆరు పిన్నుల సాకెట్‌లో కరెంటు కూడా ఉంటుంది; అందులో వైరును తిరగేసి బలవంతంగా నెడితే కెమెరా సాకెట్ పోతుంది, పోతే దాన్ని బాగుచేసే చేయి దొరకడం కష్టం. కెమెరాను బ్యాటరీ మీద కాకుండా అడాప్టరు మీద పెట్టి, ప్లే చేసే స్థానానికి తిప్పి ఆన్ చేయండి. విండోస్‌లో అయితే విన్‌డీవీ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం, లైనక్స్‌లో అయితే డీవీగ్రాబ్ ఈ పనికి చాలు. విండోస్ 10లో కెమెరాను గుర్తించకపోతే ‘లెగసీ’ అనే పాత 1394 (ఫైర్‌వైర్‌కే మరో పేరు) డ్రైవర్‌ను వేయాలి. ధ్వనిని మాత్రమే విడిగా లాగే వీలు ఇక్కడ లేదు. బొమ్మ, ధ్వని కలిసిన మొత్తం ప్రవాహం లోపలికి వస్తుంది, టేపు ఎంతసేపు ఉంటే పని కూడా అంతసేపు పడుతుంది. గంట టేపుకు దాదాపు 13 జీబీ చోటు కావాలి. అందులో తాతగారి కథకు చెందిన అంకెలు 690 ఎంబీ మాత్రమే, మిగిలిందంతా బొమ్మ.

ఆ ఫైలును ఆడాసిటీ అనే ధ్వనిని దిద్దే ప్రోగ్రాంలో తెరిస్తే ధ్వని ఒక్కటే వస్తుంది. ఇందుకు వీడియో ఫైళ్లను చదివిపెట్టే ఎఫ్ఎఫ్ఎంపెగ్ లైబ్రరీని కూడా ముందుగా వేసుకోవాలి. దాన్ని 48,000 హెర్ట్జ్ (సెకనుకు 48,000 కొలతలు), 16 బిట్ల వేవ్ ఫైలుగా, అంటే ధ్వనిని కుదించకుండా దాచే ఫైలుగా ఎగుమతి చేయండి. ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. ఎగుమతి చేసేటప్పుడు ఆడాసిటీ తనంతట తాను డిథర్ అనే సన్నని రవ్వంత శబ్దాన్ని కలుపుతుంది; మీరు ధ్వనిని ఏమాత్రం మార్చకుండా తీసేటట్లయితే సెట్టింగులలో క్వాలిటీ విభాగానికి వెళ్లి దాన్ని ‘నన్’ అని పెట్టండి. అప్పుడు టేపు మీద ఏ అంకె ఉందో ఫైలులోనూ అదే అంకె ఉంటుంది.

క్యాసెట్టును పెట్టే ముందు కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని, చుట్టిన టేపు అంచును చూడండి. అంచు నల్లగా నున్నగా ఉంటే సరే. తెల్లని పొడిలాగానో సాలెగూడు నూలులాగానో ఏదైనా కనిపిస్తే అది బూజు. కోస్తా గాలిలోని చెమ్మకు ఇది మామూలే. అటువంటి క్యాసెట్టును కెమెరాలో పెట్టవద్దు, ఆ బూజు లోపల తిరుగుతూ టేపును చదివే డ్రమ్ముకు అంటుకుని మిగిలిన మూడు క్యాసెట్లకు కూడా పాకుతుంది. శుభ్రంగా ఉన్న క్యాసెట్టును మాత్రం చివరి వరకు ఒకసారి ముందుకు పరిగెత్తించి, మళ్లీ వెనక్కు చుట్టి ఆ తర్వాత ప్లే చేయండి. ఏళ్ల తరబడి ఒకే బిగువులో ఉండిపోయిన టేపు కొంత సర్దుకుంటుంది. వీపు మీద ఉన్న చిన్న మీటను ‘సేవ్’ వైపు జరపడం మరచిపోకండి, పొరపాటున రికార్డు మీట నొక్కినా టేపు చెరగదు.

ధ్వని మధ్యమధ్య తెగిపోతూ, అదే సమయంలో బొమ్మ అడ్డపట్టీలుగా చదరాలు చదరాలుగా విరిగితే డ్రమ్ము మీద ఉండి టేపును చదివే హెడ్డుకు మురికి పట్టినట్టు లెక్క. ఆ డ్రమ్ము నిమిషానికి 9,000 చుట్లు తిరుగుతూ, రెండు హెడ్లతో సెకనుకు 300 ఏటవాలు గీతలను చదువుతుంది. మన దేశపు టీవీ పద్ధతి అయిన పాల్‌లో ఒక్క ఫ్రేముకు (ఒక బొమ్మకు) 12 గీతలు. ప్రతి గీతలోనూ బొమ్మకు ఒక చోటు, ధ్వనికి ఒక చోటు విడివిడిగా ఉంటాయి. ఒక హెడ్డు మూసుకుపోతే గీత విడిచి గీత పోతుంది కాబట్టి బొమ్మతోపాటు గొంతు కూడా తెగుతుంది. పొడి క్లీనింగ్ క్యాసెట్టును ఐదు పది సెకన్లు మాత్రమే తిప్పి ఆపండి. అది ఒకరకంగా గరుకు కాగితమే, ఎక్కువసేపు తిప్పితే హెడ్డే అరిగిపోతుంది.

ప్రశ్న: మా గురువుగారి కచేరీ టేపును మీరు చెప్పే ఫైర్‌వైర్ పద్ధతిలోనే ఎక్కించాను. మొదటి అరగంట చక్కగా ఉంది. ఆ తర్వాత ఉన్నట్టుండి గొంతు చిన్నపిల్లల గొంతులా సన్నబడి, పాట పరుగెత్తుతోంది. కెమెరాలో చూస్తే అంతా బాగానే ఉంది. — ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: మీరు సంగీతం నేర్చుకున్నవారు కాబట్టి ఒక పరీక్ష చేయండి. పాడైన చోట తంబురా షడ్జమాన్ని మొదటి అరగంటలోని తంబురాతో పోల్చి చూడండి. సరిగ్గా పంచమం దగ్గర పలుకుతుంటే రోగం తెలిసిపోయినట్టే. డీవీ కెమెరాలలో ధ్వనికి రెండు పద్ధతులుండేవి. ఒకటి 48,000 హెర్ట్జ్, 16 బిట్లు, రెండు చానళ్లు. మరొకటి 32,000 హెర్ట్జ్, 12 బిట్లు, నాలుగు చానళ్లు. చాలా కెమెరాలు కొన్ననాటి నుంచి 12 బిట్ల పద్ధతిలోనే ఉండేవి, మెనూలోకి వెళ్లి మార్చుకున్నవారు తక్కువ. మీ టేపులో సగం ఒక పద్ధతిలో, సగం మరొక పద్ధతిలో రికార్డయి ఉండాలి. బహుశా విరామంలో మరొక కెమెరాలోకి క్యాసెట్టు మారిందేమో. ఎక్కించే ప్రోగ్రాం టేపు మొదట్లో కనిపించిన 48,000 లెక్కనే చివరి దాకా పట్టుకుని, సెకనుకు 32,000 చొప్పున ఉన్న శాంపుళ్లను (కొలతలను) కూడా 48,000 చొప్పున వినిపిస్తోంది. ఆ రెండింటి నిష్పత్తి రెండుకు మూడు, అంటే షడ్జమానికి పంచమానికి ఉన్న నిష్పత్తే. మూడు నిమిషాల కీర్తన రెండు నిమిషాల్లో అయిపోవడం కూడా అందువల్లనే. తిరగబడి 48,000 శాంపుళ్లను 32,000 లెక్కన వినిపిస్తే షడ్జమం మంద్ర మధ్యమానికి దిగిపోతుంది.

అంకెలకు ఏమీ కాలేదు, వాటిని చదివే వేగమే తప్పింది. పద్ధతి మారిన చోటు నుంచి టేపును వేరే ఫైలుగా మళ్లీ ఎక్కించండి; ప్రోగ్రాం ఈసారి మొదటి ఫ్రేములోనే 32,000ను చూసి సరిగా తీసుకుంటుంది. అప్పటికీ కుదరకపోతే ఆడాసిటీలో ఆ ట్రాకు మెనూలో రేటును 32,000గా మార్చితే చాలు. శృతి మార్చే ‘పిచ్’ ఉపకరణాలు మాత్రం వాడవద్దు, అవి గమకాలను నమిలేస్తాయి.

12 బిట్ల భాగంలో మరొక సంగతి కూడా చూసుకోండి. దానిలోని నాలుగు చానళ్లలో రెండు కచేరీవి, తక్కిన రెండు తర్వాత మాటలు చేర్చుకోవడానికి ఖాళీగా ఉంచినవి. పెళ్లి వీడియోలు తీసేవాళ్లు కొందరు ఈ రెండో జతలో సన్నాయి పాటనో వ్యాఖ్యానాన్నో నింపేవారు. ఫైలులో రెండు ధ్వని ప్రవాహాలు కనిపిస్తే రెండింటినీ విని చూడండి.

ప్రశ్న: మా బాబాయి 1980లలో ఇక్కడ జరిగిన కర్ణాటక సంగీత కచేరీలను సోనీ పీసీఎం-ఎఫ్1 అనే పెట్టెను బీటామ్యాక్స్ అనే పాత రకం వీసీఆర్‌కు కలిపి రికార్డు చేశారు. ఇప్పుడు వీసీఆర్‌ను టీవీకి పెడితే పాటా లేదు, మనుషులూ లేరు. నల్లని తెర మీద తెల్లని చుక్కలు చీమల బారుల్లా వణుకుతున్నాయి. క్యాసెట్లు చెరిగిపోయాయా? — ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: మీకు కనిపించిన చీమల బారులే మీ బాబాయి దాచిన పాట. 1981లో వచ్చిన ఆ పెట్టె ధ్వనిని అంకెలుగా మార్చి, ఒకటికి తెల్లని చుక్క, సున్నాకు నల్లని చుక్క చొప్పున బొమ్మలాగా వీసీఆర్‌కు అందించేది. అంత వేగంగా అంకెలను రాసుకోగల యంత్రం అప్పట్లో ఇళ్లలో వీసీఆర్ ఒక్కటే. సీడీలలో ఈనాటికీ కనిపించే 44,100 అనే విచిత్రమైన సంఖ్య కూడా ఈ వీడియో పద్ధతి నుంచి పుట్టినదే: పాల్ లెక్కలో ఒక ఫీల్డుకు (సగం ఫ్రేముకు) 294 వరుసలు, సెకనుకు 50 ఫీల్డులు, వరుసకు 3 శాంపుళ్లు, అమెరికా లెక్కలో 245 వరుసలు, 60 ఫీల్డులు, 3 శాంపుళ్లు. ఎటు హెచ్చించినా 44,100 వస్తుంది. అమెరికా కలర్ టీవీలో ఫీల్డులు సెకనుకు 60 కన్నా రవ్వంత తక్కువ కాబట్టి మీ టేపుల అసలు లెక్క 44,056. దాన్ని 44,100గా వినిపిస్తే తేడా వెయ్యింట ఒక వంతే, ఎంతటి శృతి జ్ఞానం ఉన్నవారైనా పోల్చుకోవడం కష్టం.

వీసీఆర్‌కున్న ‘ఆడియో అవుట్’ మీకు ఎందుకూ పనికిరాదు; మీకు కావలసిన ధ్వని ‘వీడియో అవుట్’లో ఉంది. దాన్ని పీసీఎం పెట్టెకు కలిపితే పాట వెంటనే వినిపిస్తుంది. అయితే ఎఫ్1కు డిజిటల్ అవుట్ లేదు. తర్వాత వచ్చిన పీసీఎం-601లో ఉంది. అది దొరికితే అక్కడి నుంచి కంప్యూటరు సౌండ్ కార్డులోని ఎస్పీడిఫ్ అనే డిజిటల్ ధ్వని సాకెట్‌కు అంకెలను నేరుగా పంపవచ్చు. దొరకకపోతే చుక్కల బొమ్మనే వీడియోగా ఎక్కించి, ఆ చుక్కలను చదివే సాఫ్ట్‌వేరుతో ధ్వనిగా మార్చుకోవచ్చు. ఈ దారిలో వీడియోను ఏమాత్రం కుదించకుండా తీయాలి. మార్కెట్‌లో దొరికే చవక యూఎస్‌బీ క్యాప్చర్ ముక్కలు, డీవీడీ రికార్డర్లు వీడియోను కుదించేటప్పుడు మనుషుల ముఖాలకు హాని లేకుండా చూస్తాయి గానీ, ఇలాంటి చుక్కల అంచులను అలికేస్తాయి. అంచు చెదిరితే ఒకటి సున్నా అవుతుంది.

వీసీఆర్ మీద ‘పీసీఎం’ అని రాసిన మీట ఉంటే ఆన్ చేయండి. టేపులో ఒక వరుస పోయినప్పుడు దాని పైవరుసను తెచ్చి అతికించడం వీసీఆర్ల అలవాటు. బొమ్మకు అది మేలే గానీ అంకెలకు అబద్ధం చెప్పడమవుతుంది; ఆ మీట ఆ అలవాటును ఆపుతుంది. బాబాయి 14 బిట్లలో తీశారా 16 బిట్లలో తీశారా అన్నది కూడా పట్టించుకోవలసిన సంగతే. 16 బిట్లకు కావలసిన చోటు కోసం ఆ పెట్టె తప్పులు దిద్దే అంకెల్లో సగాన్ని వదులుకునేది, కాబట్టి అలాంటి టేపులు వయసు మీద పడ్డాక ఎక్కువ చిటపటలాడతాయి. డిజిటల్‌గా తీసిన ఫైలులో వయొలిన్ కీచుగా, తాళం చప్పుడు పదునుగా వినిపిస్తే టేపును అనుమానించకండి. రికార్డు చేసేటప్పుడు ఆ పెట్టె పైస్థాయి ధ్వనులను కావాలని పెంచి రాసేది, వినేటప్పుడు తగ్గించేది. ఆ తగ్గించే పని ఇప్పుడు మీరు కంప్యూటరులో చేయాలి, దాన్ని డీ-ఎంఫసిస్ అంటారు.

ప్రశ్న: మా పెళ్లి వీహెచ్‌ఎస్ క్యాసెట్టు నుంచి కూడా ఫైర్‌వైర్‌తో ధ్వని తీయవచ్చా? — ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మామూలు వీహెచ్‌ఎస్ టేపులో అంకెలు లేవు. ‘హై-ఫై’ అని రాసి ఉన్న వీసీఆర్లు కూడా ధ్వనిని తరంగంగానే రాస్తాయి, ఎంత బాగా పలికినా అది డిజిటల్ కాదు. కాబట్టి మీకు ఇక్కడ తరంగాన్ని కొలవక తప్పదు. వీసీఆర్ వెనక ‘ఆడియో అవుట్’ నుంచి కంప్యూటరు ‘లైన్ ఇన్’కు కలపండి, మైకు రంధ్రానికి మాత్రం వద్దు. లాప్‌టాప్‌కు లైన్ ఇన్ లేకపోతే లైన్ ఇన్ ఉన్న చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు కొనండి. హై-ఫై కాని టేపుల్లో ధ్వని టేపు అంచు మీద సన్నని పట్టీలో ఉంటుంది. పాల్ వీహెచ్‌ఎస్ టేపు సెకనుకు 2.34 సెంటీమీటర్లే కదులుతుంది, ఆడియో క్యాసెట్టు వేగంలో ఇది సగం. మంగళవాద్యాలు కాస్త మూగగా వినిపిస్తే అది మీ పొరపాటు కాదు.

ప్రశ్న: మినీ డీవీ టేపుల నుంచి మా అమ్మ పాడిన మంగళహారతులను వేవ్ ఫైళ్లుగా తీసుకున్నాను. ఇక ఆ 13 జీబీ వీడియో ఫైళ్లను తుడిచేసి, టేపులను పారేయవచ్చా? — ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: తుడిచేయవద్దు. డీవీ ప్రవాహంలో బొమ్మ, ధ్వని కాకుండా మూడో సంగతి ఒకటి ఉంటుంది: కెమెరా గడియారం చెప్పిన తేదీ, గంట, నిమిషం, సెకను ప్రతి ఫ్రేముతోనూ టేపు మీద నమోదై ఉంటాయి. వేవ్ ఫైలు తీయగానే అవి రాలిపోతాయి. అమ్మ ఆ హారతి ఏ రోజు పాడారో, తెల్లవారుజామునా సంధ్యవేళా అన్నది మీకు డీవీ ఫైలు మాత్రమే చెప్పగలదు. గడియారం సరిపెట్టకుండా వాడిన కెమెరాలూ ఉన్నాయి కాబట్టి, ఆ తేదీని పండుగతోనో ప్రయాణంతోనో ఒకసారి సరిచూసుకోండి. డీవీ ఫైళ్లను విడి హార్డ్ డిస్కులు రెండింటిలో దాచి, ఒక దాన్ని మీ చెల్లెలి ఇంట్లోనో అన్నయ్య ఇంట్లోనో ఉంచండి. టేపులను పడుకోబెట్టకుండా పుస్తకాల్లాగా నిలబెట్టి, చెమ్మ తగలని పెట్టెలో పెట్టండి. పాటలను ఫోనులో వినడానికి ఎంపీ3గా మార్చుకోవడంలో తప్పులేదు, వేవ్ ఫైలును అలాగే ఉంచి దాని నకలును మార్చుకోండి.